మూడో ప్రశ్న కింద ఖాళీ

సోమవారం మధ్యాహ్నం మూడున్నరకు గంట రెండుసార్లు మోగింది.

పాత హోటళ్లలో గుమాస్తా బల్ల మీద ఉండే ఇత్తడి గంట అది. పైన బొడిపె నొక్కితే టింగుమంటుంది. దాన్ని ఆఫీసు కిటికీ గట్టు మీద పెట్టి పదకొండేళ్లయింది. పెట్టింది వెండెల్ లెహ్టోయే. ఆఫీసులో ఉన్నది ఐదుగురు. ఐదుగురూ ఒకే సర్వర్ మీద, ఒకే ఫోల్డర్‌లో పనిచేస్తారు. బయటివాళ్లు వింటే నవ్వుతారు, ఎవరి ప్రతి వాళ్లు విడిగా పెట్టుకోవచ్చు కదా అంటారు. కానీ మొదట్నుంచీ అలాగే అలవాటైపోయింది. ఒకరు తమ మార్పుల్ని భద్రం చేస్తుండగా ఇంకొకరు చెయ్యి పెట్టకుండా సాఫ్ట్‌వేర్ ఒక చిన్న లాక్ ఫైలు పెడుతుంది. పని కాగానే తనే తీసేస్తుంది. మధ్యలో ఏదైనా తెగిపోతే మాత్రం తీసే దిక్కుండదు, లాక్ అలాగే మిగిలిపోతుంది. తర్వాత వచ్చినవాళ్లకు తెర మీద ఒక మాట కనబడుతుంది: ఇక్కడ ఇంకెవరో పనిచేస్తున్నట్టుంది, లేరని మీకు నమ్మకముంటే ఈ ఫైలు మీరే తీసెయ్యండి.

ఆ నమ్మకం కోసమే గంట. రెండుసార్లు కొట్టి, “ఎవరిది?” అని అడగాలి. ఎవరిదో వాళ్లు చెప్పాలి. ఎవరిదీ కాదని తేలాకే తియ్యాలి.

“ఎవరిది?” అంది పాహువా వాంగ్. ఆమె వచ్చి ఆరు నెలలు. శుక్రవారంతో ప్రొబేషన్ గడువు పూర్తవుతుంది. ఆ రోజే పర్మనెంటో కాదో తేలుతుంది.

గదిలో ఇద్దరే ఉన్నారు. కొడుకు హాకీ మ్యాచ్ ఉందని లోవెల్ మూడింటికే వెళ్లిపోయాడు. కంపెనీ నడిపే గ్రెట్చెన్ కౌంటీ ఆఫీసులో మీటింగులో ఉంది. ఐదో మనిషి వారమంతా కౌంటీ గ్యారేజీలోనే, మంచు తోసే ట్రక్కుల్లో కంప్యూటర్ తెరలు బిగిస్తున్నాడు. ఏ ట్రక్కు ఏ వీధిలో మంచు ముందు తొయ్యాలో చెప్పేది వీళ్ల సాఫ్ట్‌వేరే.

వెండెల్ తల ఎత్తలేదు. ఆయన ముందు కళ్ల డాక్టరు పంపిన కాగితం ఉంది. ఎడమ కంటికి ఈ నెల వెయ్యాల్సిన ఇంజెక్షన్ తాలూకుది. బీమా ఎంత ఇస్తుంది, తను ఎంత కట్టాలి అన్న వరుసలను వేలితో పట్టుకుని చదువుతున్నాడు.

“పాతదే అయ్యుంటుందిలే, తీసెయ్ అమ్మాయ్,” అన్నాడు. “లోపల సగంలో ఆగిపోయిందేదైనా ఉంటే దాన్ని కూడా వెనక్కి తిప్పెయ్.”

“వెనక్కి తిప్పమంటారా? ఖాయమేనా?”

“ఆఁ, ఆఁ.”

ఆమె రెండు ఆజ్ఞలు కొట్టింది. తన మార్పు భద్రం చేసింది. ఒక వీధి పేరులో అక్షరం తప్పు, అంతే ఆమె చెయ్యాల్సింది. తర్వాత గంటను గట్టు మీద దాని చోట్లోనే సర్ది పెట్టింది.

మంగళవారం ఉదయం ఎనిమిదింటికి లోవెల్ కుర్చీ వెనక్కి జరిగి గోడకు కొట్టుకుంది.

“ఎక్కడ?” అన్నాడు. “నా పనంతా ఎక్కడ?”

మూడు రోజులుగా అతను సాఫ్ట్‌వేర్ పాత ప్రతినీ కొత్త ప్రతినీ కలుపుతున్నాడు. నూట నలభై చోట్ల రెండూ పొసగలేదు. ఒక్కో చోటా పాత వరుస ఉంచాలా, కొత్తది ఉంచాలా, రెండూ కలిపి మూడోది రాయాలా అని కూర్చుని తేల్చాడు. అంతా అయ్యాక మొత్తాన్ని భద్రం చేస్తూ చివర్న ఒక్కసారి ముద్ర వెయ్యడమే తరువాయి. సోమవారం మూడింటికి ఆ ముద్ర వేస్తుండగా నెట్ తెగింది. రేపు చూద్దాంలే అనుకుని కోటు తొడుక్కుని హాకీకి వెళ్లిపోయాడు. లాక్ అలాగే మిగిలింది. దాని వెనక, సగంలో ఆగిన కలపడమూ మిగిలింది. ఇప్పుడు ఆ రెండూ లేవు. ఫోల్డర్ పోయిన గురువారం నాటి ఉదయంలా శుభ్రంగా ఉంది.

గ్రెట్చెన్ తన గదిలోంచి వచ్చింది. శుక్రవారం సాయంత్రం ఐదింటికల్లా కౌంటీకి కొత్త ప్రతి ఇస్తామని మాటిచ్చింది. శనివారం పెద్ద మంచు పడుతుందని రేడియో రెండు రోజులుగా చెబుతోంది.

“నేనే తిప్పాను,” అంది పాహువా. లేచి నిలబడింది. “సోమవారం మూడున్నరకు. లాక్ కనిపించింది. లోపల సగంలో ఆగిన పని కూడా కనిపించింది.”

“గంట కొట్టావా?” అంది గ్రెట్చెన్.

“కొట్టాను.”

“ఎవరు విన్నారు?”

పాహువా గంట వైపు చూసింది. వెండెల్ వైపు చూడలేదు. ఆమె అటు చూసి ఉంటే నోరు తెరిచేవాడినే అని ఆయన తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

“ఆ టైముకి గదిలో ఉన్నది వెండెల్ ఒక్కడే కదా,” అన్నాడు లోవెల్. “ఏం పెద్దాయనా, విన్నావా? లేక మళ్లీ కునుకేశావా?”

వెండెల్‌కి సెప్టెంబరులో గ్రెట్చెన్ అన్న మాట గుర్తొచ్చింది. వచ్చే ఏడాదికి ఇద్దరు సీనియర్ల జీతాలు మోయడం కష్టమవుతుందేమో వెండెల్, అని. తనకు అరవై మూడు. అరవై ఐదు నిండితే గాని ప్రభుత్వ బీమా రాదు. ఈ లోపల నెలకొక ఇంజెక్షన్, అదీ ఈ ఉద్యోగమిచ్చే బీమా మీదే.

“నేను హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఉన్నాను,” అన్నాడు.

అది నిజమే. పెట్టుకునే ఉన్నాడు.

“సరే,” అంది గ్రెట్చెన్. ఆ రెండక్షరాల్లోనే పాహువా సంగతి సగం తేలిపోయినట్టయింది. “ఫారం నింపు పాహువా. మధ్యాహ్నానికి నా బల్ల మీదుండాలి.”

ఆ ఫారం తయారు చేసిందీ వెండెలే. ఏదైనా పోయినప్పుడు నింపే ఒంటి కాగితం. నాలుగు ప్రశ్నలు. ఏం పోయింది. ఎప్పుడు. గంట మోగించినప్పుడు ఎవరు ఏమని జవాబిచ్చారు. మళ్లీ జరగకుండా ఏం చెయ్యాలి. మధ్యాహ్నం ప్రింటరు దగ్గరకు వెళ్తూ గ్రెట్చెన్ బల్ల మీద దాన్ని చూశాడు. గుండ్రటి, పొందికైన చేతిరాత. మొదటి ప్రశ్నకు నాలుగు వరుసలు. రెండో ప్రశ్నకు నిమిషంతో సహా. నాలుగో ప్రశ్నకు కాగితం అంచు దాకా. మూడో ప్రశ్న కింద ఏమీ లేదు. అడ్డంగా గీత కూడా గీయలేదు. తెల్లగా వదిలేసింది.

ఆయన ప్రింటరులోంచి ఏం తీసుకోవాలనుకున్నాడో మర్చిపోయి ఉత్త చేతులతో తిరిగొచ్చాడు.

పాహువా తన చోట్లో కూర్చుని డబ్బా మూత తీసి, జిగురు అన్నాన్ని వేళ్లతో చిన్న ముద్దలు చేసి మిరపకాయ పచ్చడిలో అద్దుకుంటోంది. రోజూ ఒక ముద్ద ఆయనకు పెట్టేది. “కారం తట్టుకోలేరు కదా, ఇంత అద్దితే చాలు” అని నవ్వేది. ఇవాళా ఒక ముద్ద కాగితం రుమాలు మీద పెట్టి ఆయన బల్ల అంచున ఉంచింది. నవ్వలేదు, అంతే తేడా. ఆయన దాన్ని తిన్నాడు.

బుధవారం ఉదయం వెండెల్ కోటు కూడా విప్పలేదు. లోవెల్ అప్పటికే కూర్చుని తెర మీద తెల్లటి అక్షరాల కిటికీ తెరిచి ఏదో ఆజ్ఞ కొడుతున్నాడు.

“ఏం చేస్తున్నావ్?”

“ఊడ్చేస్తున్నా. ఆ మిగిలిపోయిన చెత్తంతా తీసేసి మొదట్నుంచి మొదలెడతా. శుక్రవారానికి సగమైనా అవుతుందేమో. ఆ పిల్ల పుణ్యమా అని మా వాడి మ్యాచ్‌లన్నీ గోవిందా.”

“ఆగు!”

లోవెల్ వేలు కీ మీదే ఆగింది. ఆ గదిలో వెండెల్ గొంతు పెంచడం ఎవరూ ఎప్పుడూ వినలేదు.

“ఊడవకు,” అన్నాడు వెండెల్, ఈసారి మెల్లగా. “ఒక్కో చోటు తేలగానే నువ్వు ‘చేర్చు’ అన్న ఆజ్ఞ కొట్టావా, లేదా?”

“కొట్టాను. అయితే?”

“చేర్చిన ప్రతిసారీ అది లోపల ఒక ప్రతి దాచుకుంటుంది లోవెల్. వెనక్కి తిప్పితే ఫోల్డర్‌లోంచి పోతుంది కానీ ఆ ప్రతి పోదు. పేరు పోతుంది, అంతే. ఊడ్చేదాకా లోపలే పడి ఉంటుంది.”

“పేరు లేని ముక్కలు. ఎన్నుంటాయో తెలుసా?”

వెండెల్ వంగి ఒక ఆజ్ఞ కొట్టాడు. తెర మీద అంకెలూ అక్షరాలూ కలగలిసిన పొడుగాటి వరుసలు పైకి పాకుతూ పోయాయి. ఎంతకీ ఆగలేదు. చివరికి ఆగాక లెక్క చూస్తే వెయ్యీ తొమ్మిది వందల పైచిలుకు. ఆర్నెల్లుగా ఐదుగురూ మధ్యలో వదిలేసినవన్నీ అందులో ఉన్నాయి.

“ఇందులో నావి నూట నలభై,” అన్నాడు లోవెల్. “గడ్డివాములో సూదులు. నాకంత ఓపిక లేదు సామీ.”

“నాకుంది,” అన్నాడు వెండెల్.

సర్వర్ ఆరు నెలలకోసారి తనను తనే ఊడ్చుకుంటుంది, ఈసారి వంతు ఈ గురువారం మధ్యాహ్నం రెండింటికే. డిస్కు చిన్నదని ఆ ఏర్పాటు చేసిందీ ఆయనే. ముందుగా దాన్ని ఆపాడు. ఆపాడో లేదో అని మళ్లీ తెరిచి చూశాడు. మధ్యాహ్నం ఇంకోసారి చూశాడు. గురువారం రెండింటికి ఐదు నిమిషాల ముందు మళ్లీ చూసి, గడియారం రెండూ పది దాటేదాకా కుర్చీలోంచి లేవలేదు.

ముక్కల్ని ఒక్కొక్కటే తెరవాలి. చదవాలి. ఇది ఎవరిది, ఏ ఫైలుది, మొదట రాసిందా చివర రాసిందా అని తేల్చాలి. ఎడమ కన్ను మధ్యలో ఒక మసక మచ్చ ఉంటుంది ఆయనకు. చూడాలనుకున్న అక్షరం సరిగ్గా దాని వెనకే దాక్కుంటుంది. తల కాస్త పక్కకు తిప్పి చదవాలి. బుధవారం పదకొండింటికి ముప్పై రెండు ముక్కలయ్యాయి. అందులో లోవెల్‌వి మూడు.

పక్కన కుర్చీ జరిగిన చప్పుడైంది.

“మీరు ఆ చివర్నుంచి రండి,” అంది పాహువా. “నేను ఈ చివర్నుంచి వస్తాను.”

“నీ పని?”

“శుక్రవారం దాకా నాకేం పనుంటుంది?”

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఆయన దాని కోసం వెతికాడు, దొరికితే బాగుండుననిపించింది.

ఆమె చెయ్యి చురుకు. గంటలోపే ఒక కిటుకు పట్టేసింది. “ఇదుగో చూడండి. లోవెల్ కామాకి ముందు ఖాళీ వదుల్తాడు. ఇంకెవరూ వదలరు. దీన్ని పట్టుకుని వెతికితే చాలు.” కాసేపటికి ఆమె నవ్వింది, ఆ వారంలో మొదటిసారి. “ఇది కూడా ఆయనదే. ‘ఈ వీధి గీసినవాడు తాగి గీశాడా’ అని పక్కన రాసుకున్నాడు.”

“కౌంటీ ఇంజనీరుకి చూపించకు.”

“చూపించను. వరుసగా నాలుగు ముక్కల్లో తిట్టాడు. తిట్లు ఎక్కువున్నది చివరిదనుకుంటా.”

అవతలి నుంచి లోవెల్, “వినిపిస్తోంది నాకు!” అన్నాడు. కాసేపటికి తన కాళ్ల దగ్గరున్న చిన్న హీటరు తెచ్చి, ఏమీ అనకుండా పాహువా కుర్చీ కింద పెట్టి వెళ్లాడు. ఆ కిటికీ పక్క చోట్లో సరస్సు మీది గాలి సన్నగా కోస్తుంటుంది.

వెండెల్ సొరుగులోంచి వేళ్లు తెగిన ఉన్ని చేతితొడుగులు తీసి వేసుకున్నాడు. కుడి చేతిదానికి బొటనవేలు దగ్గర వేరే రంగు ఉన్నితో మాటు ఉంది. ఇంట్లో ఇప్పుడు అలా మాటు వేసేవాళ్లు లేరు, మళ్లీ చిరుగుతాయని ఆఫీసులో తప్ప వాటిని వాడడు.

ఇలా పక్కపక్కన కూర్చుని రెండు రోజులు. ముక్క దొరికినప్పుడల్లా ఆమె చిన్నగా “ఒకటి” అనేది. ఆయన చిట్టాలో గీత పెట్టేవాడు. ఆ మధ్య నిశ్శబ్దాల్లో ఆయనకు చెప్పాలని మాట గొంతు దాకా వచ్చేది. పని మొత్తం దొరికితే ఇక తప్పెవరిదని ఎవరడుగుతారు, అని మళ్లీ మింగేవాడు. ఆ ఆలోచన ఆయనకు కాస్త ఊపిరి ఆడనిచ్చింది. నూరు దాటాక దాదాపు నమ్మాడు కూడా.

గురువారం నాలుగింటికి నూట ముప్పై ఏడు దొరికాయి. మిగతా మూడు లోవెల్ చేర్చడం మర్చిపోయినవి. “మూడేగా, గంటలో రాసేస్తా,” అన్నాడు. అన్నట్టే రాశాడు. ఈసారి ముద్ర పడేదాకా ముగ్గురూ తెర ముందు నిలబడ్డారు. లాక్ వచ్చింది. లాక్ పోయింది. లోవెల్ రెండు చేతులూ పైకెత్తి, తర్వాత వెండెల్‌ని వెనక నుంచి వాటేసుకున్నాడు. “పెద్దాయనా, నీ కాళ్లు కడిగి నెత్తిన చల్లుకోవాలయ్యా!”

శుక్రవారం ఉదయం లోవెల్ డజను డోనట్లు తెచ్చాడు. పదిన్నరకు కొత్త ప్రతి కౌంటీకి వెళ్లిపోయింది. గ్రెట్చెన్ వెండెల్‌ని తన గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేసింది. నిన్న సాయంత్రం ఇంటికి వెళ్తూ తన కారు అద్దం మీది మంచు గీక్కుంటూ ఆయన కారు అద్దం మీదిది కూడా ఆమే గీకిపెట్టింది. కిటికీలోంచి ఆయన చూశాడు.

“సెప్టెంబరులో నీతో ఒక మాటన్నాను,” అందామె. “దాన్ని మర్చిపో. నువ్వు లేకపోతే ఈ వారం మనం మునిగేవాళ్లం. వచ్చే ఏడాది కూడా నువ్వుంటావు. ఆ తర్వాతది కూడా.”

ఆయన కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. రెండేళ్లు. కావలసింది సరిగ్గా అదే.

“పాహువా?” అన్నాడు.

“పదకొండింటికి చెబుతాను. ఉత్తరం రాసి పెట్టాను.” బల్ల మీద ఒక కవరు, దాని కింద ఆ ఫారం. “బాధగానే ఉంది నాకు. నీ పక్కన కూర్చుని ఎంత కష్టపడిందో చూశాను. పని తిరిగొచ్చింది, నిజమే. కానీ అడక్కుండా ఇంకొకరి పని చెరిపేసే మనిషిని నేనెలా పెట్టుకోను? గంట కొట్టానంది. ఎవరు బదులిచ్చారో రాయమంటే రాయలేకపోయింది. ఇదుగో, ఖాళీ.”

ఆమె వేలు ఆ తెల్లటి చోటు మీద ఆనింది.

బయట లోవెల్ దేనికో గట్టిగా నవ్వాడు. కాఫీ మిషను గుర్రుమంది. గోడ మీద గడియారం పదకొండుకు పది తక్కువ చూపిస్తోంది. వెండెల్‌కి రెండేళ్లలో పడే ఇరవై నాలుగు ఇంజెక్షన్లు గుర్తొచ్చాయి. ఆయన వద్దనుకున్నా ఆ అంకె దానంతట అదే తోచింది. తర్వాత కాగితం రుమాలు మీద అన్నం ముద్ద గుర్తొచ్చింది. అది మంగళవారం నాటిది. హెడ్‌ఫోన్ల మాట అన్న తర్వాత పెట్టింది.

“పెన్నుందా?” అన్నాడు.

గ్రెట్చెన్ ఇచ్చింది. ఆయన ఫారం తన వైపు తిప్పుకుని, తల కాస్త పక్కకు వంచి, మూడో ప్రశ్న కింద రాశాడు. అక్షరాల వరుస కొంచెం పైకి వంకరపోయింది. *వెండెల్ లెహ్టో. పాతదే అయ్యుంటుంది తీసెయ్, లోపల సగంలో ఆగింది ఉంటే వెనక్కి తిప్పెయ్, అన్నాడు. ఖాయమేనా అని ఆమె మళ్లీ అడిగింది. ఆఁ అన్నాడు. చూడకుండా అన్నాడు.*

గ్రెట్చెన్ చదివింది. మళ్లీ చదివింది.

“హెడ్‌ఫోన్లు పెట్టుకున్నానన్నావు.”

“పెట్టుకున్నాను. వాటిలో ఏమీ మోగడం లేదు.”

ఆమె ముఖంలో మొదట కోపం వచ్చింది. అది వెళ్లిపోయాక వచ్చినదాన్ని చూడలేక ఆయన తన చేతులవైపు చూసుకున్నాడు.

“ఈ రెండు రోజులూ ఆ పిల్ల పక్కన కూర్చుని...” అంది. కవరు తీసి నిలువునా చింపి బుట్టలో వేసింది. “ఆమెతో నేను మాట్లాడతాను. నీతో సోమవారం మాట్లాడతాను. ఇందాక నేనన్న మాటల్ని ఇప్పుడే లెక్కలోకి తీసుకోకు వెండెల్.”

“తీసుకోను.”

పదకొండింటికి పాహువా లోపలికి వెళ్లింది. పావుగంటకు బయటికొచ్చింది. ఆమె బల్ల కింద అట్టపెట్టె ఉంది. చార్జరు, కప్పు, చిన్న అన్నం డబ్బా అందులో అప్పటికే సర్ది ఉన్నాయి. ఆమె కూర్చుని ఒక్కొక్కటే తీసి మళ్లీ బల్ల మీద పెట్టుకోవడం మొదలెట్టింది. కప్పును మొదట ఎటు పెట్టిందో గుర్తు చేసుకుంటున్నట్టు అటూ ఇటూ జరిపింది.

వెండెల్ లేచి ఆమె దగ్గరకు వెళ్లి నిలబడ్డాడు. క్షమాపణ మాటలు ఆ పావుగంటలో కూడగట్టుకుని ఉంచుకున్నాడు.

“నా పేరు రాసి ఉండొచ్చు కదా అమ్మాయ్,” అన్నాడు చివరికి.

పాహువా చార్జరు తీగను వేలికి చుట్టుకుంది.

“రాస్తే మిమ్మల్ని పిలిచి అడిగేవారు. మీరు కాదనేవారేమో.” తీగ విప్పింది. “ఉద్యోగం పోతే ఇంకోటి చూసుకుంటాను. అది మాత్రం వినదల్చుకోలేదు.”

ఆయన తల ఊపాడు. తిరిగి తన చోటికి వచ్చి కూర్చున్నాడు. కిటికీ అవతల సరస్సు కనబడటం లేదు, ఆకాశం దాని మీదికి దిగిపోయింది. మొదటి మంచు రేణువులు గాజుకు తగిలి కరగకుండా ఆగుతున్నాయి. సోమవారం ఏమవుతుందో తెలియదు. సొరుగులో కళ్ల డాక్టరు కాగితం అలాగే ఉంది.

గంట రెండుసార్లు మోగింది.

“ఎవరిది?” అన్నాడు లోవెల్, నోట్లో డోనట్‌తో. “ఏదో లాక్ మిగిలిపోయింది ఇక్కడ. పెద్దాయనా, తీసెయ్యనా?”

వెండెల్ హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు. “ఉండు,” అన్నాడు. “వచ్చి చూస్తాను.” కుర్చీ వెనక్కి జరుపుకుని లేచాడు. ఆయన వెనకే ఇంకో కుర్చీ కూడా జరిగింది.